ఇచ్చేవాడి మొహం ఏదమ్మా?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ పది రోజుల కిందటే చేరింది. కొత్త కళ్ళజోడు రావడం ఆలస్యమై ఇవాళ్టికి రెండోసారి చదివాను. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని రాశావు కాబట్టి చెబుతున్నా. తర్వాత అలిగితే నా పూచీ లేదు.

మద్రాసు వ్యాసర్‌పాడిలో ఆ టీబీ రోగి ఇల్లు బాగా రాశావు. టీబీ మాత్ర మింగాక అతనికి మూత్రం ఎర్రగా రావడం, వాళ్ళావిడ హడలిపోయి మందులన్నీ బియ్యం డబ్బాలో దాచేయడం, ఇవి చూసినవాళ్ళు తప్ప ఇంకొకళ్ళు రాయలేరు. ఆ పేరా దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

మూడో పేజీలో కారు దిగి తెల్లవాళ్ళు, 'దాతలు', వచ్చారు. రెండు వాక్యాల్లో పౌష్టికాహారం పొట్లం ఇచ్చి, ఫొటో దిగి, వెళ్ళిపోయారు. అతని గురించి మాత్రం పేజీన్నర ఉంది. లోతుకు పోయిన కళ్ళు, మాసిన లుంగీ, లెక్కపెట్టగలిగే ఎముకలు. మరి ఇచ్చినవాళ్ళ మొహం ఏదమ్మా? గుమ్మం దగ్గర చెప్పులు విప్పారా? కుర్చీలు ఎవరింటి నుంచి తెచ్చారు? మంచినీళ్ళు ఇస్తే తాగారా, పక్కన పెట్టారా? "ఫొటో సరిగ్గా రాలేదు, ఇంకోసారి చెయ్యి చాపమనండి" అని ఎవరన్నారు, దాన్ని తమిళంలోకి మార్చి చెప్పింది ఎవరు? మీ సేవాసంస్థ ఆఫీసు తరఫున నువ్వు అక్కడే ఉన్నావు. నాకు తెలిసి చెప్పింది నువ్వే. కథలో ఆ అమ్మాయి లేదు.

నిన్ను అనే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

2005 జనవరి. సునామీ వచ్చి రెండు వారాలు. టీ నగర్ నుంచి పదిమంది తెలుగువాళ్ళం వ్యానులో బియ్యం సంచులు, దుప్పట్లు వేసుకుని నాగపట్నం వైపు వెళ్ళాం. రోడ్డు పక్కన పాత బట్టల గుట్టలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లారీలు దించిపోయినవి. ఉన్ని స్వెట్టర్లు, టైలు, జరీ ఊడిన పట్టు జాకెట్లు. వాటి మీద మేకలు పడుకుని ఉన్నాయి. ఒక ముసలావిడ నేను ఇస్తున్న బియ్యం సంచి అందుకోకుండా, "గిన్నె ఉందా అయ్యా?" అని అడిగింది. పొయ్యి, గిన్నె, అగ్గిపెట్టెతో సహా సముద్రం పట్టుకుపోయింది. బియ్యం ఏం చేసుకుంటుంది? మా వ్యానులో ఒక్క గిన్నె లేదు. ఏం కావాలని బయల్దేరేముందు మాలో ఒక్కరం కూడా ఎవరినీ అడగలేదు.

మద్రాసు తిరిగొచ్చి వ్యాసం రాశాను. ఆవిడ ముడతలు రాశాను, వణికే చేతులు రాశాను. గిన్నె సంగతి రాయలేదు. రాస్తే మేం తెలివితక్కువవాళ్ళలా కనబడతాం కదా. ఇంకోటీ రాయలేదు. జాలర్ల కుప్పం దాటాక కాస్త లోపలికి దళితుల కాలనీ ఉంది. మా వెంట వచ్చిన ఆ ఊరి పెద్దమనిషి, "వాళ్ళకేం పోలేదు సార్, పడవలు లేవుగా" అన్నాడు. మా జాబితాలోనూ ఇల్లు, పడవ, వల, అంతే గళ్ళు. చేపల బుట్టలు మోసే కూలీకి ఏం పోయిందో రాసుకోవడానికి గడి లేదు. ఆపమంటారా అన్నట్టు డ్రైవరు అద్దంలోంచి నాకేసి చూశాడు. నేను కిటికీలోకి చూశాను. వ్యాను ఆగలేదు.

సునామీ సాయంలో దళితుల పట్ల జరిగిన వివక్ష మీద తర్వాత మానవ హక్కుల సంఘాల నివేదికలు వచ్చాయి. చదువుతున్నంతసేపూ నాకు ఆ అద్దమే కనిపించింది. నా వ్యాసానికి మాత్రం మంచి పేరొచ్చింది.

నువ్వు కథ చివర్లో ప్రపంచ ఆరోగ్యం, అసమానతలు అంటూ ఒక పేజీ ఉపన్యాసం పెట్టావు. అది తీసెయ్యి. ఆ విషయం పెద్దది కాదని కాదు. అది కూడా ఈ వ్యాను కథే, కాస్త పెద్ద వ్యాను. కరోనా టీకాలప్పుడు చూడు. 2021 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ చెప్పిన లెక్క: ధనిక దేశాల్లో దాదాపు నలుగురిలో ఒకరికి టీకా అందితే, బాగా పేద దేశాల్లో 500 మందికి పైగా ఉంటే ఒకరికి. ఆ ఏడాది చివర్లో విరాళాలు పంపారు, గడువు ముగిసే ముందు. ఒక్క డిసెంబరులోనే పేద దేశాలు 10 కోట్లకు పైగా డోసులు వద్దన్నాయి, ఎక్కువగా గడువు దగ్గర పడిందనే. నైజీరియా 10 లక్షలకు పైగా డోసులు అబూజాలో చెత్తకుప్పలో ధ్వంసం చేసింది. మేకలు పడుకున్న స్వెట్టర్లు గుర్తొచ్చాయి నాకు. నచికేతుడి తండ్రి పాలుడిగిన ఆవుల్ని దానం చేస్తుంటే, ఇదేం దానం నాన్నా అన్నట్టు నిలబడ్డాడే ఆ పిల్లాడు, వాడి చూపు ఇచ్చేవాడి మీద ఉంది చూశావా?

గిన్నె అడిగినవాళ్ళు అక్కడా ఉన్నారు. టీకాలూ మందులూ మేమే తయారు చేసుకుంటాం, ఈ గండం గడిచేదాకా పేటెంట్లు పక్కన పెట్టండని భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులోనే ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. 2022 జూన్‌లో ఒప్పుకున్నారు, టీకాల పేటెంట్లకు మాత్రం, అదీ షరతులతో. అప్పటికి రేవు దాటిపోయింది.

ఇంకో సంగతి. నీ కథలో అతను మొదటినుంచి చివరిదాకా తీసుకునేవాడే. నువ్వు రోజూ బస్సులో చెట్‌పెట్ దాటుతావు. అక్కడి టీబీ పరిశోధన కేంద్రం 1956లో మొదలైంది. 193 మంది రోగుల్ని తీసుకుని సగం మందిని శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో పెట్టారు, సగం మందికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్నవాళ్ళకి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇరుకు గదులు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోనూ లేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక లోకం టీబీ వైద్యం చేసే తీరే మారింది. మద్రాసు పేటల్లో మాత్ర మింగినవాళ్ళు ఎన్ని దేశాలకు ఇచ్చారో లెక్క వెయ్యి. వాళ్ళ ఫొటోలు ఎవరూ గోడకి పెట్టుకోలేదు.

మొన్నమొన్నటి సంగతి కూడా ఒకటుంది. మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మీద పేటెంటు గడువు పెంచమని జాన్సన్ అండ్ జాన్సన్ కోరితే, అభ్యంతరం చెప్పినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు, నందితా వెంకటేశన్, ఫుమేజా తిసిలే. ఒకరిది ఇండియా, ఒకరిది దక్షిణాఫ్రికా. ఇద్దరికీ టీబీ తగ్గింది గానీ పాత మందుల వల్ల వినికిడి పోయింది. 2023 మార్చిలో మన పేటెంట్ ఆఫీసు కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. వీళ్ళని ఏ పేరుతో పిలుస్తావు, 'లబ్ధిదారులు' అనా?

ఆ మాట నీ కథలో తొమ్మిదిసార్లు ఉంది. ఆఫీసు రిపోర్టులోంచి కాలికి అంటుకుని వచ్చిన బురద. దులిపెయ్యి. 'సక్సెస్ స్టోరీ' కూడా. మాటలు ఎలా మోసం చేస్తాయో మీ అమ్మనడుగు, ఆవిడ ఆశా కార్యకర్త కదా. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. అయినా కాగితాల మీద ఆవిడ 'వాలంటీర్', వచ్చేది జీతం కాదు, పారితోషికం. ఆ అవార్డు రోజు మీ అమ్మ ఏ ఇంటికి వెళ్ళిందో, ఎన్ని గంటలకు ఇంటికొచ్చిందో కనుక్కుని రాసి పెట్టుకో. ఈ కథకి కాకపోతే ఇంకో దానికి పనికొస్తుంది.

ఇప్పుడు మూడో పేజీ మళ్ళీ రాయి. తెల్లవాళ్ళని విలన్లు చెయ్యకు, అది ఇంకా తేలిక. ఆ వచ్చినావిడ నిజంగానే మంచిది కావచ్చు, కళ్ళనీళ్ళు పెట్టుకుందేమో కూడా. అది కూడా రాయి. దుబాసీగా నిలబడ్డ అమ్మాయిని మాత్రం వదలకు.

"ఫారం మీద వేలిముద్ర వేశాడు" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. అది ఏ భాషలో ఉంది? అతనికి చదివి వినిపించారా? ఫొటో వాడుకోవచ్చని ఒప్పుకున్నట్టు అందులో ఎక్కడైనా ఉందా? ఆదివారం వచ్చేటప్పుడు ఆఫీసు నుంచి ఖాళీ ఫారం ఒకటి పట్టుకురా. కథ పక్కన పెట్టి ముందు అది చదువుదాం.

మాస్టారు
వెస్ట్ మాంబళం