ఇంజిన్‌కీ రూటర్‌కీ మధ్య అతుకు ఎక్కడ ఊడుతుందంటే

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. లోన్ అప్లికేషన్ ప్రాజెక్టులో కముండా 7 (పని అంచెలని నడిపే ఇంజిన్) పక్కన అపాచీ క్యామెల్‌ని (మెసేజ్‌లని దారి పట్టించే రూటర్) కూర్చోబెట్టి, మధ్యలో యాక్టివ్‌ఎంక్యూ (మెసేజ్‌లని క్యూలో ఉంచి అందించే బ్రోకర్) పెడుతున్నామని రాశావు. జోడీ మంచిదే. అన్నీ జావావే. ఇంజిన్, రూట్లు (క్యామెల్‌లో మెసేజ్ నడిచే దారులు) ఒకే స్ప్రింగ్ బూట్ అప్లికేషన్‌లో ఇమిడిపోతాయి. డెమో ఒక్క పూటలో అయిపోతుంది. తంటా అంతా ఆ తర్వాతే.

ముందు ఎవరి పని ఎవరిదో తేల్చుకో. లోన్ ఫైలు ఎక్కడ ఆగింది, ఎవరి సంతకం కోసం చూస్తోంది, ఎన్నాళ్లయింది అన్నది ఇంజిన్ గుర్తుపెట్టుకోవాలి. క్రెడిట్ బ్యూరోకి (లోన్ అడిగినవాడి స్కోరు ఇచ్చే సంస్థ) డేటా ఎక్స్‌ఎంఎల్ రూపంలో వెళ్లాలా జేసన్ రూపంలో వెళ్లాలా, ఏ అడ్రసుకి, లైన్ తెగితే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి అన్నది క్యామెల్ పని. బీపీఎంఎన్ బొమ్మలో (ఇంజిన్ నడిపే అంచెల పటం) "ఎక్స్‌ఎంఎల్‌గా మార్చు" అనే డబ్బా కనబడితే తీసి రూట్‌లోకి తొయ్యి. రూట్‌లో "మేనేజరు ఒప్పుకుంటే" అనే చాయిస్ కనబడితే బొమ్మలోకి లాగు. బ్రాంచి మేనేజరుకి ఆ బొమ్మ చూపిస్తే ఇంకొకరు విప్పి చెప్పకుండా అర్థం కావాలి.

ఇంజిన్ నుంచి రూట్‌ని పిలిచేటప్పుడు క్యామెల్ పిలుపు పద్ధతుల్లో డైరెక్ట్ వాడుతున్నావా, సెడా వాడుతున్నావా చూసుకో. డైరెక్ట్ అదే థ్రెడ్‌లో నడుస్తుంది. అక్కడ ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే లోపం) వస్తే ఇంజిన్ ట్రాన్సాక్షన్ (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పని మూట) కూడా వెనక్కి పోతుంది. సెడా మెమరీలో క్యూ; పిలుపు వెంటనే తిరిగొస్తుంది, ఇంజిన్ కమిట్ చేసేస్తుంది (డేటాబేస్‌లో ఖాయం చేస్తుంది). ఆ తర్వాత సర్వర్ పడిపోతే క్యూలో ఉన్నవన్నీ గాల్లో కలిసిపోతాయి, ఇంజిన్ మాత్రం "పంపేశాను" అనుకుని కూర్చుంటుంది. డబ్బు సంగతిలో సెడా జోలికి పోకు.

ఇక అసలు చిక్కు. ప్రాసెస్ (ఒక లోన్ ఫైలు నడక) ఒక సెండ్ టాస్క్‌లో బ్యూరోకి రిక్వెస్ట్ పంపి, పక్కనే ఉన్న రిసీవ్ టాస్క్‌లో ఆగుతుంది. బొమ్మలో చూడ్డానికి ఇంపుగా ఉంటుంది. కానీ కముండా రిసీవ్ టాస్క్ దాకా వచ్చి ఆగాకే డేటాబేస్‌లో కమిట్ చేస్తుంది. మెసేజ్ మాత్రం అప్పటికే క్యూలోకి వెళ్లిపోయింది. అవతలి వైపు చురుగ్గా ఉంటే కమిట్ కాకముందే జవాబు వచ్చేస్తుంది. ఆ క్షణాన ఎదురుచూసేవాడు డేటాబేస్‌లో లేడు. ఇంజిన్ "మిస్‌మ్యాచింగ్ మెసేజ్ కోరిలేషన్ ఎక్సెప్షన్" విసురుతుంది, అంటే ఈ జవాబు ఏ ప్రాసెస్‌దో జత కుదరలేదని. కముండా 7 తొందరపడి వచ్చిన మెసేజ్‌ని దాచిపెట్టదు. టెస్టింగ్‌లో బ్యూరో రెండు సెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఇది కనబడదు. ప్రొడక్షన్‌లో ఏదో రోజు డేటాబేస్ నెమ్మదిస్తుంది, అప్పుడు బయటపడుతుంది.

మందు ఇదీ. సెండ్, రిసీవ్ ఒకదాని వెనక ఒకటి పెట్టకు. ప్యారలల్ గేట్‌వే (దారిని ఒకేసారి రెండు కొమ్మలుగా చీల్చేది) పెట్టి ఒక కొమ్మలో రిసీవ్ టాస్క్, రెండో కొమ్మలో సెండ్ టాస్క్ వెయ్యి. సెండ్ టాస్క్‌కి అసింక్ బిఫోర్ టిక్ పెట్టు. అప్పుడు ఎదురుచూపు ముందు కమిట్ అవుతుంది, ఆ తర్వాతే జాబ్ ఎగ్జిక్యూటర్ (ఇంజిన్‌లో వెనక పనులు నడిపేది) సెండ్‌ని ఎత్తుకుంటుంది. టిక్ మర్చిపోతే రెండు కొమ్మలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, గేట్‌వే పెట్టీ ఫలితం ఉండదు. దీనితో పాటు జవాబు తెచ్చే రూట్‌లో కూడా ఈ ఒక్క ఎక్సెప్షన్‌కి విడిగా ఆన్ ఎక్సెప్షన్ రాసి, అర సెకను ఎడంతో నాలుగైదు సార్లు మళ్లీ ప్రయత్నించమను. అప్పటికీ కాకపోతే పక్క క్యూలోకి వెయ్యమను. పారెయ్యమనకు.

ఆ ఎక్సెప్షన్ పేరు ఒకటే గానీ అర్థాలు మూడు. జవాబు ముందే వచ్చి ఉండొచ్చు. ఒకసారి అందిన జవాబే మళ్లీ వచ్చి ఉండొచ్చు. లేదా ఒకే తాళంచెవికి (జవాబుని జత చేసే ఐడీకి) రెండు ప్రాసెస్‌లు పలికి ఉండొచ్చు. మూడోదానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు, ఎందుకంటే అది తాళంచెవి తప్పు. బిజినెస్ కీగా (ప్రాసెస్‌ని గుర్తుపట్టే పేరు) లోన్ నంబరు పెట్టుకుని దాన్నే కోరిలేషన్‌కి వాడితే ఇదే తప్పు జరుగుతుంది, ఒక్కోసారి ఎక్సెప్షన్ కూడా రాదు. మేనేజరు ఫైలు వెనక్కి పంపి స్కోరు రెండోసారి అడిగిస్తే, మొదటి రిక్వెస్ట్ తాలూకు ఆలస్యపు జవాబు వచ్చి రెండోదాని మీద కూర్చుంటుంది. పాత స్కోరుతో లోన్ మంజూరైపోతుంది, లాగ్‌లో ఎక్కడా ఎర్ర గీత ఉండదు. అందుకని ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త ఐడీ పుట్టించు. అది సెండ్ టాస్క్‌లో పుట్టకూడదు, గేట్‌వేకి ముందే వేరియబుల్‌లో పడాలి. జాబ్ మళ్లీ నడిచినా అదే ఐడీ వెళ్లాలిగా! దాన్నే జేఎంఎస్ (జావా మెసేజింగ్ ప్రమాణం) కోరిలేషన్ ఐడీలో పంపు, జవాబులో అదే తిరిగి రావాలని అవతలివాళ్లతో ముందే ఒప్పందం చేసుకో.

జవాబు రెండుసార్లు వస్తే ఆపడానికి క్యామెల్‌లో ఐడెంపొటెంట్ కన్‌స్యూమర్ ఉంది; చూసిన ఐడీలు రాసుకుని, మళ్లీ వచ్చినదాన్ని వదిలేస్తుంది. ఆ ఐడీలు డేటాబేస్‌లో దాచే జేడీబీసీ రిపాజిటరీ పెట్టు. మెమరీది రీస్టార్ట్ అయితే అన్నీ మర్చిపోతుంది. అందులో ఈగర్ అనే సెట్టింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, అంటే పని మొదలు కాకముందే ఐడీ రాసేసుకుంటుంది. రాసుకున్నాక సర్వర్ చస్తే, బ్రోకర్ మళ్లీ ఇచ్చిన మెసేజ్‌ని "ఇది చూసేశాను" అని వదిలేస్తుంది. కాబట్టి రూట్‌ని ట్రాన్సాక్టెడ్ చేసి, ఐడీ రాయడం, ఇంజిన్‌ని కదపడం రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో పడేటట్టు చూడు. ఇంజిన్ అదే అప్లికేషన్‌లో ఉంటేనే ఇది కుదురుతుంది. రెస్ట్ మీద (నెట్‌వర్క్ గుండా) పిలిస్తే కుదరదు.

మళ్లీ ప్రయత్నాల లెక్క కాగితం మీద వేసుకో. కముండా జాబ్‌కి మామూలుగా 3 ప్రయత్నాలు. క్యామెల్‌లో 5 రీడెలివరీలు (మళ్లీ ప్రయత్నాలు) పెడితే మొత్తం 6. డైరెక్ట్‌గా పిలిస్తే 3 ఆర్ల 18 సార్లు బ్యూరో తలుపు కొడతావు. క్యూ నుంచి చదివే వైపు యాక్టివ్‌ఎంక్యూ 6 సార్లు మళ్లీ ఇస్తుంది, మొదటిదాంతో 7; లోపల క్యామెల్ 6 కలిస్తే 42. ఒక్కో దారిలో ఒక్కడే పట్టుదలగా ఉండాలి, మిగతావాళ్లు 1కి తగ్గాలి. ఇచ్చిన ఆధార్ నంబరు తప్పు, ఫారంలో ఖాళీ ఉంది లాంటివాటికి అసలు మళ్లీ ప్రయత్నమే వద్దు. అవి బీపీఎంఎన్ ఎర్రర్‌గా బొమ్మలోకి రావాలి, మనిషి చూడాలి.

ఎక్స్‌టర్నల్ టాస్క్ (బయటి వర్కర్ ప్రోగ్రామ్ ఎత్తుకుని చేసే పని) వాడితే లాక్ గడువు (ఆ టాస్క్ ఒక్క వర్కర్ చేతిలోనే ఉండే సమయం) దగ్గర ఇదే లెక్క అక్కరకొస్తుంది. మొదటి ఆలస్యం 1 సెకను, ప్రతిసారీ రెట్టింపు, 5 రీడెలివరీలు: 1, 2, 4, 8, 16 కలిపి 31 సెకన్లు. హెచ్‌టీటీపీ టైమౌట్ 10 సెకన్లయితే ఆరు ప్రయత్నాలకి 60. మొత్తం 91 సెకన్లు. లాక్ గడువు 30 సెకన్లే పెట్టావనుకో, మొదటి వర్కర్ ఇంకా కుస్తీ పడుతుండగానే రెండోవాడు అదే టాస్క్ ఎత్తుకుంటాడు. ఆ టాస్క్ లోన్ డబ్బు జమ చేసేదైతే కస్టమరుకి రెండుసార్లు పడుతుంది. గడువు 180000 మిల్లీసెకన్లు పెట్టు. రిసీవ్ టాస్క్ మీద పెట్టే టైమర్ కూడా ఈ 91 కంటే బాగా ఎక్కువ ఉండాలి, 15 నిమిషాలు సరిపోతుంది.

పే స్లిప్పులు, పాన్ కార్డు స్కాన్లు ప్రాసెస్ వేరియబుల్స్‌లో కుక్కకు. కముండా 7లో స్ట్రింగ్ 4000 అక్షరాలు దాటితే పట్టదు. జావా ఆబ్జెక్టుని సీరియలైజ్ చేసి పెడితే క్లాసు మార్చిన రోజున పాత ఫైళ్లు తెరుచుకోవు. ఫైలు ఎక్కడో పెట్టి దాని ఐడీ మాత్రం ఇంజిన్‌కివ్వు.

టెస్టుకి డమ్మీ బ్యూరో ఒకటి రాయి. ఒకసారి తక్షణం జవాబివ్వాలి, ఒకసారి రెండుసార్లు ఇవ్వాలి, ఒకసారి టైమర్ అయిపోయాక ఇవ్వాలి. మెసేజ్ చదివాక, కమిట్‌కి ముందు బ్రేక్‌పాయింట్ పెట్టి సర్వర్ ప్రాసెస్‌ని కిల్ మైనస్ నైన్ (ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టు. లేపాక లోన్ ఒక్కటే కదలాలి, అదీ ఒక్కసారే.

ఇంకో మాట. కముండా 7 కమ్యూనిటీ ఎడిషన్ 2025 అక్టోబరులో 7.24తో ఆగిపోయింది. ఇంకా కోడు ఎక్కువ రాయలేదంటే ఫ్లోవబుల్ అనే ఇంజిన్ చూడు. రెండూ యాక్టివిటి అనే పాత ఇంజిన్ నుంచి చీలినవే, కముండా 2013లో, ఫ్లోవబుల్ 2016లో, కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. దాంట్లో క్యామెల్ టాస్క్ సిద్ధంగానే ఉంటుంది. కముండా 8 అయితే లోపలి ఇంజిన్ పేరు జీబీ (Zeebe). టైమ్ టు లివ్ (ఎంతసేపు ఉంచాలో) ఇచ్చి పంపితే తొందరపడి వచ్చిన మెసేజ్‌ని అంతసేపు దాచి ఉంచుతుంది, పైన చెప్పిన గేట్‌వే గొడవ తప్పుతుంది. కానీ అది మీ అప్లికేషన్‌లో ఇమడదు, వేరే క్లస్టర్‌గా నడపాలి. ఒకే ట్రాన్సాక్షన్ అన్న మాట కూడా అక్కడ చెల్లదు.

మీ బీపీఎంఎన్ ఫైలు, జవాబు తెచ్చే రూట్ రెండూ పంపు. ముందు అసింక్ బిఫోర్ టిక్కులు చూసి చెప్తాను.

బాబాయి