టెలోమియర్ పరీక్షతో గుండెజబ్బు ముందే తెలుస్తుందా?

తెలియదు, టెలోమియర్ పొడవు చూసి ఫలానా మనిషికి గుండెజబ్బు వస్తుందో రాదో చెప్పలేం. కణంలో డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే పోగు, అంటే క్రోమోజోమ్, దాని కొసన టీటీఏజీజీజీ అనే డీఎన్‌ఏ అక్షరాల వరుస వందల, వేల సార్లు ఉంటుంది. అదే టెలోమియర్. కణం విడిపోయినప్పుడల్లా కొంత అరుగుతుంది. తెల్ల రక్తకణాల్లో అది పొట్టిగా ఉన్నవాళ్లకు గుండెజబ్బులు కాస్త ఎక్కువన్నది నిజమే, కానీ అది వేలమంది సగటు. పుట్టుకతోనే మనిషికీ మనిషికీ చాలా తేడా. పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసి కొలిచే పద్ధతి) కొలత కూడా ల్యాబును బట్టి మారుతుంది.

అనంతపురంలో యాభై ఏళ్ల ఇద్దరిని తీసుకోండి. టెలోమియర్ పొడవున్నా, బీడీలు కాలుస్తూ బీపీ 160/100 ఉన్నాయనకే ముప్పెక్కువ. పొట్టిగా ఉండి బీపీ, షుగర్ అదుపులో ఉన్నాయనకు తక్కువ.

టెలోమియర్ పెంచే మాత్రలు మింగితే గుండె పదిలమనుకోవడం పొరపాటు. అలాగని రుజువు కాలేదు. పైగా పొడవైన టెలోమియర్లకు కొన్ని క్యాన్సర్లతో సంబంధం ఉంది. ఆ పరీక్షకో మాత్రలకో పెట్టే డబ్బుకు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) రెండూ వచ్చేస్తాయి.