స్పార్క్ వచ్చిన అమ్మాయికి కుబర్నెటీస్ ఎంతవరకు అవసరం?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు. పెద్ద డేటాను అనేక కంప్యూటర్లకు పంచి పని చేయించే స్పార్క్‌ను సొంతంగా నేర్చుకుంది. డేటా ఇంజినీర్ ఉద్యోగ ప్రకటనల్లో, ప్రోగ్రాములను అనేక కంప్యూటర్ల మీద నడిపి చూసుకునే కుబర్నెటీస్ కూడా అడుగుతున్నారని, సెలవుల్లో అమీర్‌పేటలో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద నడిపి నిర్వహించే పని) కోర్సు చేస్తానంటోంది. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దని నా సలహా. ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం క్లస్టర్‌ను, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహాన్ని, నిర్మించి నిర్వహించడం గురించే ఉంటుంది. డేటా ఇంజినీర్‌కు ముందుగా కావలసింది, తాను పంపిన జాబ్ (కంప్యూటర్‌కు అప్పగించిన డేటా పని) ఆ క్లస్టర్ మీద ఎందుకు ఆగిపోయిందో కనిపెట్టగల నేర్పు.

ఒకప్పుడు స్పార్క్ జాబ్‌లను ఎక్కువగా హడూప్ అనే డేటా వ్యవస్థలో కంప్యూటర్ల వనరులను పంచే యార్న్ మీద నడిపేవారు. 2018లో వచ్చిన స్పార్క్ 2.3 వెర్షన్‌లో కుబర్నెటీస్ మీద నేరుగా నడిపే వీలు ప్రయోగాత్మకంగా మొదలై, 2021లో 3.1 వెర్షన్‌తో స్థిరపడింది. వెబ్ అప్లికేషన్లకు వాడే క్లస్టర్ మీదే డేటా పనులు కూడా నడపవచ్చు కాబట్టి ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తోంది.

మీ అమ్మాయిని తన ల్యాప్‌టాప్‌లోనే మినీక్యూబ్ (ఒక్క కంప్యూటర్‌లోనే చిన్న కుబర్నెటీస్ క్లస్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకోమనండి. ఒక్క ఎగ్జిక్యూటర్‌తో (స్పార్క్‌లో అసలు లెక్కలు చేసే భాగం) చిన్న జాబ్ నడపడానికి దానికి 3 సీపీయూలు, 4 జీబీ మెమరీ కేటాయించాలని స్పార్క్ వారే సూచిస్తున్నారు. కుబర్నెటీస్ ప్రోగ్రాములను పాడ్ అనే చిన్న పెట్టెల్లాంటి వాటిలో పెట్టి నడుపుతుంది. జాబ్ పంపగానే ముందు, జాబ్‌ను నడిపించే డ్రైవర్ పాడ్ లేస్తుంది, అది క్లస్టర్‌ను అడిగి ఎగ్జిక్యూటర్ పాడ్‌లను తెప్పించుకుంటుంది. డ్రైవర్ వాడే సర్వీస్ అకౌంట్‌కు (ప్రోగ్రాముకు క్లస్టర్‌లో ఉండే గుర్తింపు ఖాతా) పాడ్‌లు సృష్టించే అనుమతి లేకపోతే కథ అక్కడే ఆగుతుంది; కొత్తవాళ్లు చాలామంది తట్టుకునే మొదటి రాయి ఇదే. పని పూర్తయ్యాక ఎగ్జిక్యూటర్లు తొలగిపోయినా, డ్రైవర్ పాడ్ మాత్రం లాగ్‌లతో సహా మిగులుతుంది కాబట్టి తప్పు వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆ తర్వాత జాబ్‌ను కావాలనే చెడగొట్టి చూడమనండి. పైథాన్ జాబ్‌లో ఎగ్జిక్యూటర్‌కు 4 జీబీ అడిగితే, స్పార్క్ దాని మీద మరో 40 శాతం అదనంగా కలుపుతుంది. అంటే పాడ్ అడిగేది సుమారు 5.6 జీబీ. మినీక్యూబ్‌కు ఇచ్చింది 4 జీబీయే కనుక ఆ పాడ్ 'పెండింగ్' స్థితిలోనే ఉండిపోతుంది, మెమరీ చాలడం లేదన్న కారణం 'క్యూబ్‌సీటీఎల్ డిస్క్రైబ్' ఆదేశంతో కనిపిస్తుంది. మెమరీ మరీ తక్కువ అడిగి పెద్ద ఫైలు చదివించినప్పుడు పాడ్ 'ఓఓఎమ్ కిల్డ్' అని, 137 కోడ్‌తో ఆగితే, అది తనకిచ్చిన మెమరీ పరిమితి దాటినందువల్ల. ఏ సంఖ్య మారిస్తే ఏమైందో తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, ఇంటర్వ్యూలో కుబర్నెటీస్ గురించి అడిగినప్పుడు ఆమె తాను చూసిందే చెప్పగలుగుతుంది. సర్టిఫికెట్ కంటే ఆ నోటు పుస్తకానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఈ పని చేశాక క్లస్టర్ నిర్వహణే తనకు నచ్చిందని అమ్మాయి చెబితే, నాలుగో సంవత్సరంలో కోర్సు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా సీకేఏ (సర్టిఫైడ్ కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్) పరీక్షను దృష్టిలో పెట్టుకోమనండి, ఎందుకంటే అందులో రెండు గంటల పాటు కమాండ్ లైన్ మీద పనులు చేసి చూపించాలి.