యూఎక్స్ (వాడేవారి అనుభవం) ప్రశ్నలు - జవాబులు: టెస్టులో పాస్, వాడకంలో ఫెయిల్

ప్రశ్న: కొత్త యాప్‌ను ఐదుగురితో టెస్ట్ చేయించాం. ఇచ్చిన పనులన్నీ అందరూ పూర్తిచేశారు. విడుదలయ్యాక మాత్రం డెలివరీ చిరునామా ఎలా మార్చాలో తెలియడం లేదని ఒకటే ఫిర్యాదులు. ఐదుగురు చాలరా?

జవాబు: మనుషుల లెక్క తర్వాత చూద్దాం, ముందు మీ టాస్క్ కాగితం తీయండి. బటన్ మీద ‘చిరునామా మార్చు’ అని ఉండి, టాస్క్‌లోనూ ‘మీ చిరునామా మార్చండి’ అనే రాసి ఉంటే, వాళ్లు చేసింది పదాలు జతపరచడమే. దాన్ని ఇలా రాయండి: ‘వచ్చే వారం మీరు కొత్త ఇంట్లోకి వెళ్తున్నారు. ఆర్డర్ చేసిన పార్సెల్ అక్కడికే రావాలి.’ బటన్ మీది మాట ఇందులో ఒక్కటీ లేదు. ఇక వెతుక్కోక తప్పదు.

రెండో తప్పు టెస్ట్ నడిపిస్తూ పక్కన కూర్చున్నవారిది. ‘ఇక్కడ నొక్కాలా?’ అని అడిగినప్పుడు ‘ఊఁ’ అన్నా జవాబు చెప్పేసినట్టే. ‘నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?’ అని ఎదురు ప్రశ్న వేసి ఊరుకోండి. నోట్స్‌లో ‘తికమకపడ్డారు’ అని రాయకండి. ‘సెట్టింగ్స్ తెరిచి, మూడుసార్లు వెనక్కి వచ్చారు’ అని రాస్తేనే ఎక్కడ సరిదిద్దాలో తెలుస్తుంది.

ఇక ఐదుగురి సంగతి. ఒక్కో సమస్య ఒక్కొక్కరికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయన్నది యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన లెక్క. పదిమందిలో ఒక్కరికే తగిలే సమస్య అయితే ఐదుగురిలో అది కనిపించే అవకాశం 41 శాతమే. పదిహేను మంది దొరికితే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఐదుగురి చొప్పున మూడు విడతలుగా, మధ్యలో డిజైన్ సరిదిద్దుకుంటూ చేయండి.

ప్రశ్న: మా ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ - వాడకం ఎంత సులువో అడిగే ప్రశ్నాపత్రం) స్కోరు 72. అంటే 72 శాతం మందికి నచ్చినట్టేనా?

జవాబు: కాదు, అది శాతమే కాదు. సగటు స్కోరు 68 చుట్టూ ఉంటుంది కాబట్టి మీది కాస్త మెరుగు, అంతే. 1 నుంచి 5 వరకు అంకె వేయాల్సిన పది ప్రశ్నల్లో బేసి సంఖ్యవి మెచ్చుకోలుగా, సరి సంఖ్యవి విమర్శగా ఉంటాయి. బేసివాటికి ఇచ్చిన అంకెలోంచి 1 తీసేయాలి. సరివాటికి 5లోంచి ఆ అంకెను తీసేయాలి. మొత్తాన్ని 2.5తో గుణించాలి. చదవకుండా అన్నిటికీ 5 కొట్టుకుంటూ పోయినవారికీ, అన్నిటికీ 3 వేసినవారికీ వచ్చేది 50యే. అందుకే సగటు తీసేముందు ఒక్కో పత్రాన్నీ చూడండి. లోపం ఎక్కడుందో మాత్రం ఈ స్కోరు చెప్పదు.

ప్రశ్న: తెల్లని నేపథ్యంపై బూడిదరంగు అక్షరాలు ఎంత లేతగా ఉండొచ్చు?

జవాబు: వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీలో ఏఏ స్థాయికి మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. #767676 అనే బూడిదరంగు కోడ్ గట్టెక్కుతుంది. కాస్త లేతదైన #777777 దగ్గర 4.48 వస్తుంది, దాన్ని 4.5గా సవరించి పాసనుకోవడం కుదరదు. కనీసం 18 పాయింట్లు, లేదా బోల్డ్‌లో కనీసం 14 పాయింట్లు ఉన్న పెద్ద అక్షరాలకు 3:1 చాలు.