ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి ఓటు ఎక్కడ చెదిరిపోయింది?

బాయిలు మూతపడ్డాక ఇల్లందు కార్మికుల మాట ఎమ్మెల్యే దాకా చేరుతోందా అని మీరు అడిగారు. బాయిలో బొగ్గు ఎత్తి నింపే కోల్ ఫిల్లర్ కొడుకుగా అక్కడి కాలనీలో పెరిగిన నాకు తెలిసినంతలో, ఆ చేరిక బాగా తగ్గింది. అయితే ఆ తప్పును గెలిచినవారి మీదికి నెట్టేయడం నాకు సరిగా తోచదు.

1889లో తవ్వకం మొదలై సింగరేణికి పుట్టిల్లయిన ఈ ఊరిని పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే ఆగిపోయి, తక్కువ మందితో నడిచే ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచే తవ్వే గనులు, మిగలడంతో మా నాన్నలాంటివారు బదిలీల మీద మణుగూరుకో, భూపాలపల్లికో వెళ్లారు. మేము ఇల్లందులోనే ఉండిపోయాము. 2009 ఎన్నికలకు నాన్న రాత్రి షిఫ్టు దిగి, తలస్నానం చేసినా కనురెప్పల అంచున నల్లటి గీత పోకుండానే బస్సెక్కి వచ్చి ఓటు వేశారు. 2012లో యాజమాన్యంతో కార్మికుల తరఫున మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం, పనిచేసే చోటే ఓటు కనుక, మణుగూరులో వేశారు. ఊరి సమస్య ఒకచోట, బాయి సమస్య మరోచోట అయిపోయింది.

నియోజకవర్గం తీరు కూడా చూడాలి. ఎస్టీ రిజర్వుడు స్థానమైన ఇల్లందులో పట్టణం ఒక భాగమే; కామేపల్లి ఖమ్మం జిల్లాలో, బయ్యారం, గార్ల మహబూబాబాద్ జిల్లాలో, ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో ఉన్నాయి. 1983 నుంచి 2004 వరకు ఇక్కడ ఎమ్మెల్యేగా అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య బలం, నేను చూసినంతవరకు, పోడు భూములూ తునికాకు కూలీ రేట్ల కోసం కొట్లాడిన పల్లెలదే. అది న్యాయమైన బలమే, కాదనను.

నాన్న రిటైరయ్యాక సంఘం ఓటూ పోయింది. ఆయనకు మిగిలిన చిక్కల్లా పింఛను: ఒకసారి లెక్కగట్టాక ధరలతో పాటు పెరగదు, అది ఢిల్లీ చేతిలోని పని, అంటే ఎంపీని అడగాలి. ఇల్లందు, మణుగూరు మహబూబాబాద్ లోక్‌సభ స్థానంలో, కొత్తగూడెం ఖమ్మంలో, భూపాలపల్లి వరంగల్‌లో ఉన్నాయి. ఒకే బాయిలో దిగిన ముగ్గురు స్నేహితులు ఇప్పుడు ఒకే అర్జీని ముగ్గురు ఎంపీలకు విడివిడిగా రాయిస్తున్నారు. మా నాన్న కాపీ రాసేది నేనే.