రబ్బరు రాక్షసుల గురించి మీరడిగినవి

ముసుగులేసుకుని పాడే రాక్ బృందాల గురించి కిందటి సంచికలో రాసినప్పుడు, అమెరికా బ్యాండ్ అయిన గ్వార్‌కి ఒక్క వాక్యమే ఇచ్చాను. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. నేను నాటకాలకు మేకప్ చేసే మనిషిని. పాట కన్నా ముందు వేషం మీదకే నా చూపు పోతుంది. ఈ జవాబుల్లో ఆ పక్షపాతం ఉంటుంది, భరించండి.

ప్రశ్న: గ్వార్‌ని మీరు బ్యాండ్ అన్నారు. వీడియో చూస్తే ఎవడో ఎవడి తలో నరుకుతున్నాడు, జనం కేరింతలు కొడుతున్నారు. ఇది కచేరీయా, నాటకమా? అసలెలా మొదలైంది?

రెండూను. మొదలైంది మాత్రం ఒక సినిమా ప్రయత్నంతో.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి రాజధాని రిచ్‌మండ్. అక్కడ రిచ్‌మండ్ డెయిరీ అని ఒక పాత పాల కర్మాగారం ఉంది. భవనం మూలల్లో పెద్ద పెద్ద పాలసీసాల ఆకారంలో బురుజులు కట్టారు. ఇప్పుడది అపార్ట్‌మెంట్లయింది. 1980లలో మాత్రం కర్మాగారం మూతపడి ఉండేది, చిత్రకారులూ పంక్ (మోటుగా, వేగంగా వాయించే రాక్) బ్యాండ్ల కుర్రాళ్లూ అందులో మకాం పెట్టారు. వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో కళలు చదివిన హంటర్ జాక్సన్ అక్కడే 'స్కమ్‌డాగ్స్ ఆఫ్ ద యూనివర్స్' అనే సైన్స్ ఫిక్షన్ సినిమా తీద్దామని కవచాలు, కొమ్ములు, ఆయుధాలు తయారుచేస్తున్నాడు. చక్ వార్గా అనే మరో కళాకారుడు అతనికి తోడు. అదే భవనంలో డేవ్ బ్రాకీ అనే కుర్రాడు డెత్ పిగ్గీ అనే పంక్ బ్యాండ్ నడుపుతున్నాడు.

1984లో బ్రాకీకి ఒక తుంటరి ఆలోచన వచ్చింది. జాక్సన్ దగ్గరున్న వేషాలు అరువు తీసుకుని, తమ కచేరీకి ముందు తామే ఆటవికుల్లాగా వచ్చి అరిచి గోల చేసి వెళ్లిపోవాలని. ఆ ఉత్తుత్తి బ్యాండ్‌కి పేరుగా ఒక పొడుగాటి గర్జన పెట్టారు. అది కుదించుకుపోయి గ్వార్ అయింది. కొన్నాళ్లకి చూస్తే, జనం గ్వార్ కోసం వచ్చి, అసలు బ్యాండ్ డెత్ పిగ్గీ ఎక్కేలోపు ఇంటికి పోతున్నారు. అక్కడితో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేలిపోయింది.

నేను పట్టుకు వేళ్లాడే విషయం ఇదే. మామూలుగా బ్యాండ్ ముందు పుడుతుంది, పేరొచ్చాక దర్జీని పిలుస్తారు. ఇక్కడ వేషాలు ముందు పుట్టాయి, వాటిలో దూరడానికి మనుషులు కావలసి వచ్చారు. అందుకే స్లేవ్ పిట్ అని వాళ్లు పెట్టుకున్న సంస్థలో గిటార్ వాయించేవాడూ, రబ్బరు పోత పోసేవాడూ ఒకే బంతిలో కూర్చుంటారు. వర్క్‌షాప్‌లో రాక్షసుణ్ని తయారుచేసిన మనిషే రాత్రికి దాన్ని తొడుక్కుని వేదికెక్కి తల నరికించుకుంటాడు.

కథ కూడా ఒకటుంది. వీళ్లు అంతరిక్షం నుంచి భూమికి వెలివేయబడిన యోధులట. అంటార్కిటికా మంచులో గడ్డకట్టి, తర్వాత కరిగి బయటికొచ్చి, స్లీజీ పి. మార్టినీ అనే దగుల్బాజీ మేనేజర్ చేతిలో పడి రాక్ స్టార్లయ్యారట. సిగ్గులేని కథ. కానీ ఇన్నేళ్లుగా దాన్ని వదలకుండా పట్టుకున్నారు.

ప్రశ్న: ప్రేక్షకుల మీదకి చిమ్మే ఆ రక్తం ఏమిటి? కళ్లలో పడితే ప్రమాదం కాదా?

నాకిష్టమైన ప్రశ్న ఇది.

సినిమాల్లో రక్తం చాలాకాలం మొక్కజొన్న సిరప్‌తో చేశారు. కెమెరాకి అది బాగుంటుంది, చిక్కగా నెమ్మదిగా జారుతుంది. వేదిక మీద మాత్రం నరకం. చక్కెర పాకం కదా, దీపాల వేడికి బంకలా పట్టేస్తుంది, కాలు పెడితే చెప్పు ఊడి వస్తుంది. అలాంటిదాన్ని గ్యాలన్ల కొద్దీ పంపుతో చిమ్మడం కుదిరే పని కాదు. గ్వార్ వాళ్లు నీళ్లలో తినే రంగు కలిపి, చిక్కదనానికి క్యారగీనన్ పొడి వేస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం అది. ఐస్‌క్రీముల్లో, చాక్లెట్ పాలల్లో వేసేదే. పంపులో ఇరుక్కోదు, కడిగితే పోతుంది, నోట్లో పడినా ఏం కాదు. చొక్కా మీద రంగు మాత్రం పోదు. అభిమానులకి కావలసిందీ అదే. తెల్ల టీషర్టు వేసుకుని వెళ్లి, ఎర్రగా పచ్చగా తడిసి వచ్చి, దాన్ని ఉతకకుండా దాచుకునేవాళ్లున్నారు.

కళ్లలో పడితే మండుతుంది. ముందు వరసలో నిలబడేవాడికి ఆ సంగతి తెలిసే నిలబడతాడు.

పాపం అనిపించేది లోపలున్నవాళ్లని చూస్తే. లేటెక్సు, ఫోము రబ్బరు గాలాడనివ్వవు. వేసవిలో ఒక ఫోము మొహం పెట్టిన నటుడు రెండో అంకానికి గుటకలు మింగడం నేను చూశాను. ఆ నటుడికి రెండు పేజీల డైలాగే. వీళ్లు నిలువెల్లా అదే తొడుక్కుని, రక్తంతో జారే నేల మీద, గంటకు పైగా మెటల్ (గిటార్ల హోరుతో సాగే రాక్) వాయిస్తారు. డ్రమ్ములు కొట్టే బ్రాడ్ రాబర్ట్స్, గిటార్ మైక్ డెర్క్స్ 1980ల చివరి నుంచీ అదే పనిలో ఉన్నారు. డెర్క్స్ వేసే బాల్సాక్ వేషానికి మొహమంతా ఎలుగుబంటి బోనులాంటి ఇనప దవడలే. అందులోంచి గిటార్ తీగలు ఎలా కనిపిస్తాయో అతనికే తెలియాలి.

ప్రశ్న: ఇంత అశ్లీలంగా ఆడితే పోలీసులు ఊరుకుంటారా?

ఊరుకోలేదు. 1990లో నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో ప్రదర్శన అయ్యాక బ్రాకీని అరెస్టు చేశారు. అతని పాత్ర పేరు ఒడెరస్ ఉరుంగస్. ఆ పాత్ర కాళ్ల మధ్య ఒక విచిత్రమైన రబ్బరు జంతువు వేలాడుతుంది. ఏమిటని అడిగితే, అది సముద్రజీవి అని వాళ్ల వాదన. పోలీసులకి అలా కనిపించలేదు. దాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. రబ్బరు బొమ్మకి పంచనామా రాసిన ఆ పోలీసాయన ఏం వర్ణించి ఉంటాడా అని నాకెప్పుడూ కుతూహలమే. చివరికి ఏడాదిపాటు ఆ రాష్ట్రంలో ప్రదర్శనలు ఇవ్వకూడదన్న ఒప్పందంతో బయటపడ్డారు.

వాళ్లు ఆ గొడవనే సరుకు చేసుకున్నారు. 1992లో వచ్చిన 'అమెరికా మస్ట్ బి డెస్ట్రాయ్డ్' ఆల్బమ్‌లో నీతి పోలీసులు ప్రధాన విలన్లు. అదే కథతో తీసిన వీడియో చిత్రం గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. 1990లోనే హాస్యనటి జోన్ రివర్స్ టీవీ కార్యక్రమంలో వేషాలతో కూర్చుని మర్యాదగా కబుర్లు చెప్పారు. చాలా ఏళ్ల తర్వాత ఒడెరస్‌ని ఫాక్స్ న్యూస్ వారి అర్ధరాత్రి కార్యక్రమానికి 'గ్రహాంతర విలేకరి'గా కూడా పిలిచారు. రేగన్ కాలం నుంచి అధ్యక్షుల బొమ్మలు నరుకుతున్న బృందమిది, పార్టీ భేదం చూడలేదు.

ప్రశ్న: వాయించడం వచ్చా, లేక వేషాలేనా?

మొదట్లో అంతంతమాత్రమే. 1988లో షిమ్మీ డిస్క్ అనే చిన్న కంపెనీ వేసిన 'హెల్-ఓ' వింటే తెలుస్తుంది, పంక్ గోల. 1990లో మెటల్ బ్లేడ్ అనే కంపెనీ విడుదల చేసిన 'స్కమ్‌డాగ్స్ ఆఫ్ ద యూనివర్స్' నాటికి బ్యాండ్ అయ్యారు. పూర్తికాని ఆ సినిమా పేరు అలా ఆల్బమ్‌కి దక్కింది. 1990ల చివర హాస్యం ఎక్కువై పాట పలచబడింది. 1999 నాటి 'వి కిల్ ఎవ్రీథింగ్'ని నేను పూర్తిగా వినలేకపోయాను. 2001లో 'వయొలెన్స్ హ్యాజ్ అరైవ్డ్'తో మళ్లీ గట్టి మెటల్‌కి తిరిగారు. ఆ తర్వాతి ఏడాది చేరిన గిటారిస్టు కోరీ స్మూట్ ఆ దారిని స్థిరపరిచాడు. వేషం తీసేసి వాయించినా నిలబడే చెయ్యి అతనిది.

ప్రశ్న: అసలు గాయకుడు చనిపోయి పదేళ్లు దాటింది. ఇంకా అదే పేరుతో టికెట్లు అమ్మడం మోసం కాదా?

ఇలా అడిగినవాళ్లు ముగ్గురు. ముగ్గురిలోనూ కోపం కనిపించింది. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వేషం కట్టే ఏ కళలోనైనా ఈ చిక్కు ఉంది. పాత్ర మనిషిదా, వేషానిదా? గ్వార్‌లో చాలాకాలం వేషానిదే. బీఫ్‌కేక్ ద మైటీ అనే బాస్ గిటార్ యోధుడి కవచంలోకి కాలక్రమంలో చాలామంది దూరారు. ఫ్లాటస్ మాక్సిమస్ అనే గిటార్ యోధుడూ అంతే, ఒకరి తర్వాత ఒకరు. స్మూట్ చేరింది ఆ వరసలోనే. జనం పట్టించుకోలేదు, ఫ్లాటస్ ఉన్నాడు, చాలు.

2011 నవంబరు 3న, పర్యటనలో కెనడా సరిహద్దు దగ్గర, బస్సులో స్మూట్ చనిపోయి కనిపించాడు. గుండె రక్తనాళాల జబ్బు. వయసు 34. కవచం ఖాళీగా ఉంది, పర్యటన మధ్యలో ఉంది, ఇంకొకర్ని తొడిగించడం వాళ్లకి అలవాటైన పనే. తొడిగించలేదు. ఫ్లాటస్ తన గ్రహానికి వెళ్లిపోయాడని ప్రకటించి, ఆ పాత్రని శాశ్వతంగా ఆపేశారు. మిగిలిన పర్యటన పూర్తిచేశారు. తర్వాత వచ్చిన గిటారిస్టుకి పస్టులస్ మాక్సిమస్ అని కొత్త పాత్ర, కొత్త మొహం చేశారు. 2013 నాటి 'బ్యాటిల్ మాక్సిమస్' ఆల్బమ్ స్మూట్‌కి అంకితం.

2014 మార్చి 23న రిచ్‌మండ్‌లో తన ఇంట్లో బ్రాకీ చనిపోయాడు. హెరాయిన్ మోతాదు మించిందని వైద్య పరీక్ష తేల్చింది. వయసు 50. ఆగస్టులో, ఏటా రిచ్‌మండ్‌లో వాళ్లు జరిపే పండుగలో, ఒడెరస్ వేషాన్ని పడవలో పడుకోబెట్టి నీళ్ల మీదకి వదిలి, వైకింగ్ పద్ధతిలో నిప్పంటించారు. నా బోటి వాళ్లకి ఈ ముక్క చదివితే కడుపులో దేవినట్టవుతుంది. ఆ వేషం చేయడానికి పట్టిన శ్రమ తెలుసు కాబట్టి. వేలంలో పెడితే ఎంత పలికేదో కూడా ఊహించగలను కాబట్టి.

అదే పండుగలో కొత్త గాయకుడు వచ్చాడు. పాత్ర పేరు బ్లోథార్: దుప్పి కొమ్ములు, పొట్ట కింద ఆవు పొదుగు. లోపలున్నది మైకేల్ బిషప్, 1980లలో బీఫ్‌కేక్ వేసిన మనిషే. మధ్యలో వదిలేసి వెళ్లి, వర్జీనియా విశ్వవిద్యాలయంలో సంగీతంలో పీహెచ్‌డీ చేశాడు. తిరిగొచ్చి ఒడెరస్‌లా గొంతు మార్చే ప్రయత్నం చేయలేదు. తన గొంతుతోనే పాడాడు. పాడే, వాయించే వాళ్లలో 1984 నాటి మనిషి ఇప్పుడు ఒక్కడూ లేడు, నిజమే. కానీ చనిపోయినవాడి మొహాన్ని ఎవరూ తొడుక్కోలేదు.

కిస్‌ని దీనితో పోల్చి చూడండి. మొహాలకి రంగులు పూసుకుని పాడే అమెరికా బ్యాండ్ అది. ఏస్ ఫ్రేలీ, పీటర్ క్రిస్ వెళ్లిపోయాక, వాళ్లు బతికుండగానే, వాళ్ల మొహాల రంగుల్నే వేరేవాళ్లకి పూసి 2023 డిసెంబరులో చివరి కచేరీ దాకా నడిపారు. అది వాళ్ల హక్కు, చట్టప్రకారం తప్పేమీ లేదు. మోసం అన్న మాట ఎవరికైనా తగిలితే, ముందు అటు తగలాలి. గ్వార్ టికెట్ కొన్నవాడికి ఎవరిని చూడబోతున్నాడో చెప్పి మరీ అమ్ముతున్నారు.

ప్రశ్న: ఆడవాళ్లని కించపరిచే జోకులు వీళ్లలో చాలా ఉన్నాయని విన్నాను. ఒక మహిళగా మీరెలా మెచ్చుకుంటున్నారు?

పనితనాన్ని మెచ్చుకుంటున్నాను. పాత ఆల్బమ్‌లలో కొన్ని పాటలు ఇప్పుడు వింటే చిరాకేస్తుంది, కొన్ని పాత్రల పేర్లు ఈ పత్రికలో అచ్చు వేయలేం. 'అందర్నీ ఒకేలా తిడతాం' అనే వాదన నాకు పూర్తిగా ఎక్కదు. తిట్టేవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే అయినప్పుడు ఆ తూకం ఎలా సరిపోతుంది? అయితే వాళ్ల మొదటి దశాబ్దంలో వేదిక మీద చాలామంది కళ్లు తిప్పుకోలేకపోయింది డేనియల్ స్టాంప్ అనే కళాకారిణి వైపే. నిప్పుతో ఆడేది, మాటకి కాదు, నిజంగా నిప్పే. ఆమె వెళ్లాక ఆ చోటు సరిగా నిండలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: లార్డి కూడా వీళ్ల నకలేనా?

కాదు. ఫిన్లాండ్‌లో రొవానియెమి నుంచి వచ్చిన ఆ రాక్షస వేషాల బ్యాండ్ గాయకుడు చిన్నప్పటి నుంచి కిస్ భక్తుడు, తన లేటెక్సు తనే పోసుకుంటాడు. 2006లో ఏథెన్స్‌లో జరిగిన యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌ని 292 పాయింట్లతో గెలిచి ఆ దేశానికి మొదటి విజయం తెచ్చాడు. ముసుగు లేని అతని ఫొటో వేసిన పత్రిక మీద ఫిన్లాండ్ జనం మండిపడితే, ఆ పత్రిక క్షమాపణ చెప్పుకుంది. రక్తం చిమ్మడు. ఇంటిల్లిపాదీ చూడొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. గ్వార్ వినాలంటున్నాడు. వినమనొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పుడే వద్దు. లార్డి ఇవ్వండి, రెండేళ్లు గడుస్తాయి. మీకోసమైతే 'స్కమ్‌డాగ్స్ ఆఫ్ ద యూనివర్స్' వినండి, తర్వాత 2001 నాటిది. చరిత్ర కావాలంటే 2021లో వచ్చిన 'దిస్ ఈజ్ గ్వార్' అనే డాక్యుమెంటరీ చాలు. వర్క్‌షాప్ దృశ్యాలు వచ్చినప్పుడు ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, మీ అత్తగారు పక్క గదిలో ఉంటే మరీను.