కొనుక్కోవాలా, నెలనెలా కట్టాలా?

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. గాజువాకలో ఒక షాపు, మధురవాడలో ఒకటి. పదేళ్ల కిందట కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొస్తున్నాం, రెండు షాపుల లెక్కలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కలుపుకుంటాం. కొత్తది కొనాలంటే సర్వర్‌తో కలిపి 90 వేలు, ఏటా మెయింటెనెన్స్ 18 వేలు అంటున్నారు. ఇంకొకాయన, ఇంటర్నెట్‌లో నడిచేది తీసుకోండి, మనిషికి నెలకు 900 అంటున్నాడు. మాకు నలుగురికి కావాలి. ఎన్నాళ్లు కట్టినా సొంతం కాని దానికి అద్దె ఎందుకని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నాన్నగారి అనుమానంలో న్యాయం ఉంది, ముందు ఆ లెక్కే చూద్దాం. నలుగురికి ఏడాదికి 43,200, ఐదేళ్లకు 2,16,000. కొంటే మెయింటెనెన్స్‌తో కలిపి ఐదేళ్లకు 1,80,000. అంటే కాగితం మీద కొన్నదే 36 వేలు చౌక. అయినా నేను నెలనెలా కట్టేదే తీసుకోమంటాను, ఎందుకంటే ఆ 1,80,000లో యూపీఎస్ బ్యాటరీలు లేవు, సర్వర్ మొరాయిస్తే పరుగెత్తుకొచ్చే మనిషికిచ్చేది లేదు, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగే మీ కుర్రాడి పూట లేదు.

నెలనెలా కట్టే పద్ధతిలో ప్రోగ్రామ్ అమ్మినవాళ్ల సర్వర్‌లోనే ఉంటుంది, కస్టమర్లందరూ దాన్నే వాడతారు. అమెరికాలో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ 1999లో ఈ పద్ధతి మీదే పుట్టింది, మన పక్క తమిళనాడు నుంచి జోహో అదే పని చేస్తోంది. నిరుడు, అంటే 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు మీరెంత టెన్షన్ పడ్డారో ఊహించగలను. అలాంటి మార్పు వచ్చినప్పుడు వాళ్లు ఒక్కచోట సరిచేస్తే రెండు షాపులకూ అందుతుంది, ఎవరూ వచ్చి అప్‌డేట్ వేయక్కర్లేదు.

నేనింత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మా ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి కంప్యూటర్ తడిసిపోయింది, బ్యాకప్ డిస్కు కూడా అదే బల్ల సొరుగులో ఉంది, మూడేళ్ల లెక్కలు పోయాయి. ఆ రోజుల్లో ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, కాబట్టి లెక్కలు ఇంకో ఊరి సర్వర్‌లో ఉన్నా వెంటనే చూసుకోగలిగేవాళ్లం కాదు. కానీ ఆ తర్వాతైనా చేతికొచ్చేవి.

భయపడాల్సింది అద్దెకు కాదు, ఇరుక్కుపోవడానికి. అడోబీ 2013లో ఫొటోషాప్ కొత్త వెర్షన్లను ఇకపై చందాకే ఇస్తామని చెప్పేసింది, ఫొటో స్టూడియోల వాళ్లు కొత్తది కావాలంటే కట్టక తప్పలేదు. రేపు మీ వాళ్లూ 900ని 1,400 చేయొచ్చు. అందుకే డబ్బు కట్టకముందే వాళ్ల ముందు కూర్చుని స్టాకు, బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు, పార్టీల బాకీలు అన్నీ ఎక్సెల్‌లోకి దింపి చూపించమనండి. మానేశాక డేటా ఎన్నాళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట వద్దు. నెట్ పోతే బిల్లు కొట్టగలమా అని కూడా అడగండి, లేదంటే రెండో కనెక్షన్ ఖర్చు కలుపుకోవాలి.

ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, తొందరపడకండి. మొదటి మూడు నెలలు నెలనెలానే కట్టండి, ముందు మధురవాడ షాపు ఒక్కటే మార్చండి, పాతదాన్ని గాజువాకలో అలాగే నడవనివ్వండి. మూడో నెలాఖరున లెక్కలు సరిపోతే ఆ కాగితాలు నాన్నగారి ముందు పెట్టండి.